తాళంచెవికి ఒక పిడి: త్రీడీ డిజైన్ తరగతి డైరీ

మొదటి వారం, సోమవారం

ఈసారి పాఠాన్ని కంప్యూటర్ల గదిలో మొదలుపెట్టలేదు. గత ఏడాది నేను చెప్పిన పద్ధతి నాకే తృప్తినివ్వలేదు. మూడు వారాల పాటు మెనూలు ఒక్కొక్కటీ తెరిచి చూపించాను. ఎక్స్‌ట్రూడ్ అంటే ఇది, రివాల్వ్ అంటే ఇది, ఫిల్లెట్ అంటే ఇది అని. పిల్లలు శ్రద్ధగానే నేర్చుకున్నారు. చివరికి తెర మీద తళతళలాడే నమూనాలు తెచ్చారు. వాటిలో సగానికి పైగా తయారు చేయడానికి పనికిరానివి. గోడకు మందమే లేని పాత్రలు, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన భాగాలు, స్క్రూడ్రైవర్ దూరే దారి లేని చోట స్క్రూలు. తప్పు వాళ్లది కాదు. నేను చెప్పిన వరసది.

అందుకే ఈ పది వారాలకు ఒకే ఒక్క పని పెట్టుకున్నాం. ఒకప్పుడు ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పి, పదవీ విరమణ చేసిన మాస్టారు ఒకరు ఇప్పటికీ మా వర్క్‌షాపుకు వస్తుంటారు. కీళ్లవాతం వల్ల ఆయన వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. చిన్న తాళంచెవిని రెండు వేళ్ల మధ్య బిగించి తిప్పాలంటే నొప్పి. ఆ తాళంచెవికి ఒక పిడి చేయాలి. విద్యార్థులు 14 మంది, త్రీడీ ప్రింటర్లు నాలుగు, లేజర్ కట్టర్ ఒకటి.

మాస్టారు వచ్చి తన బీరువా తాళం, చెవి బల్ల మీద పెట్టి, మా ముందే తిప్పి చూపించారు. బొటనవేలు తెల్లబడింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. నేను ఏ ఉపన్యాసం ఇచ్చినా అంత పని చేసేది కాదు.

మొదటి వారం, గురువారం

ఒకే తాళంచెవి తల మందాన్ని 14 మందీ వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచారు. 1.9 మి.మీ. నుంచి 2.4 మి.మీ. దాకా రకరకాల జవాబులు వచ్చాయి. వస్తువు ఒకటే, పరికరమూ ఒకటే. దవడలను ఏటవాలుగా పట్టుకున్నవాళ్లకు ఎక్కువ వచ్చింది, చెవిని దవడల అంచు సన్నగా ఉన్న చోట నొక్కేసినవాళ్లకు తక్కువ వచ్చింది. సున్నా దగ్గర సరిచూసుకోకుండా మొదలుపెట్టినవాళ్లు ముగ్గురు. మళ్లీ నేర్పాను. దవడలు మూసి సున్నా చూడాలి, వస్తువును దవడల లోతట్టున పట్టాలి, కొద్దిగా అటూ ఇటూ ఊపి అన్నిటికన్నా చిన్న విలువను తీసుకోవాలి, మూడు చోట్ల కొలవాలి. రెండో విడతలో అందరూ 2.1కి ఒక పదో వంతు అటూ ఇటూగా చేరారు.

చెవి తల వెడల్పు 22 మి.మీ. అంటే ఇరుసు నుంచి వేలు నొక్కే చోటుకు 11 మి.మీ. దూరం. అదే పిడి చేయి 44 మి.మీ. ఉంటే, అదే తాళాన్ని తిప్పడానికి నాలుగో వంతు బలం చాలు. ఈ లెక్క బోర్డు మీద ఒక విద్యార్థినే వేసి చూపించింది. "అయితే 100 మి.మీ. పెడదాం సార్" అన్నాడు పక్కనున్న కుర్రాడు. జేబులో పట్టాలి కదా అని ఆమే జవాబు చెప్పింది. మందం, వెడల్పు, పొడవు అన్నీ ఎక్కడి నుంచి వస్తాయో అక్కడే తేలిపోయింది.

రెండో వారం

వారమంతా మట్టి. మాస్టారి చేతిలో మట్టి ముద్ద పెట్టి, తాళం తిప్పుతున్నట్టు పట్టుకోమన్నాం. వేళ్ల గుర్తులు పడ్డాయి. ఆయన వేళ్లు ఎక్కడ ఆగిపోతాయో, అరచేయి ఎక్కడ భారం మోస్తుందో ఆ ముద్ద మీద స్పష్టంగా కనిపించింది. మేము ఊహించిన పిడి నున్నటి స్తంభంలా ఉంది. ఆయన చేతికి కావలసింది ఒక పక్క బొద్దుగా, బొటనవేలి దగ్గర గుంటగా ఉన్న ఆకారం.

ముద్ద కొంచెం ఆరాక, ప్రతి 10 మి.మీ.కు ఒక కోత పెట్టాలి. సన్నని తీగతో కోసి, ఒక్కో ముక్క అంచును గ్రాఫ్ కాగితం మీద పెన్సిలుతో గీయాలి. కోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఫోటోలు తీసుకున్నాక వెనక బల్ల అమ్మాయి తీగ అందుకుంది. ఎనిమిది ముక్కలు, ఎనిమిది గీతలు. వస్తువు ఆకారాన్ని చదివే త్రీడీ స్కానర్ ఉంటే ఇదంతా కొద్ది నిమిషాల పని. కానీ స్కానర్ ఆ ఆకారాన్ని లక్షల త్రిభుజాల గుట్టగా చేతికిస్తుంది. ఈ ఎనిమిది గీతల్లో ఏది ముఖ్యమో, ఏది వేలు జారిన గుర్తో ఎంచుకునే పని విద్యార్థే చేయాలి. మొదటిసారి నేర్చుకునేవాళ్లకు ఈ దారే మంచిదని నా గట్టి నమ్మకం.

మూడో వారం, మంగళవారం

ఈ రోజు కంప్యూటర్లు ఆన్ చేశాం. చేయవలసింది ముందే చేతిలో ఉంది కాబట్టి మెనూల ప్రదర్శన అవసరం పడలేదు. "ఈ గీతను ఇక్కడ ఎలా పెట్టాలి?" అని వాళ్లే అడిగారు. ఏ ప్రశ్నకు ఏ ఆదేశం కావాలో ఆ ఒక్కటే చెప్పాను.

స్కెచ్‌లో కన్‌స్ట్రెయింట్ల మీద మాత్రం ఒక పూట పూర్తిగా గడిపాను. ఈ రెండు గీతలు సమాంతరం, ఈ వృత్తం ఈ గీతను తాకుతూనే ఉండాలి, ఈ దూరం ఇంతే అని మనం కంప్యూటర్‌తో చేసుకునే ఒప్పందాలవి. ఇది కొత్త ఆలోచన కాదు. 1963లో ఐవన్ సదర్లాండ్ అమెరికాలోని ఎంఐటీలో తన పరిశోధన కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ చేసినప్పుడే, లైట్ పెన్నుతో తెర మీద గీత గీసి, దాన్ని ఇలాంటి నియమాలతో కట్టిపడేసే వీలు కల్పించాడు. అది చెప్పాక పిల్లలు కన్‌స్ట్రెయింట్లను అడ్డంకులుగా చూడటం మానేశారు. గీసినవాడి ఉద్దేశం డ్రాయింగులో నిలిచి ఉండేది వాటి వల్లే.

కొలతలకు పేర్లు పెట్టమన్నాను. చెవి_మందం, చెవి_వెడల్పు, సందు, చేయి_పొడవు, గుంట_లోతు. చెవి కూర్చునే గాడి వెడల్పు 2.2 అని అంకె వేస్తే, ఆ 2.2 ఎక్కడి నుంచి వచ్చిందో నెల తరవాత ఎవరికీ గుర్తుండదు. చెవి_మందం + సందు అని రాస్తే అందులో కారణం ఉంటుంది. చెవికీ గాడికీ మధ్య వదలాల్సిన సందు విలువ ఎంతో మాకింకా తెలియదు. ప్రస్తుతానికి 0.1 అనుకున్నాం.

మూడో వారం, శుక్రవారం

ఎనిమిది గీతలను ఎనిమిది తలాల మీద పెట్టి లాఫ్ట్ చేశారు, అంటే ఒక గీత నుంచి మరో గీతకు ఉపరితలం పరిచారు. ఆరుగురి పిడులు పిండిన తడిబట్టలా మెలితిరిగాయి. ఒక్కో గీతకు మొదలు ఒక్కో చోట ఉండటమే కారణం. అన్నిటి మొదలు బొటనవేలి వైపుకు మార్చగానే విప్పుకున్నాయి.

రెండో సమస్య మరింత ఆసక్తికరం. పెన్సిలు గీతను అచ్చంగా అనుసరించాలని ఒకడు ఒక్కో వక్రానికి 40 బిందువులు పెట్టాడు. దూరం నుంచి బాగానే ఉంది. వెలుగు పడే కోణం మార్చి చూస్తే ఉపరితలమంతా గుంటలు, మిట్టలు. ఎనిమిది బిందువులతో మళ్లీ గీయమన్నాను. అయిష్టంగా గీశాడు, తరవాత రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. కార్ల ఒంపుల కోసం ఫ్రాన్స్‌లో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియర్ బెజియే విడివిడిగా చేసిన గణితం మనకిచ్చింది సరిగ్గా ఈ పొదుపునే. కొన్ని బిందువులు లాగితే చాలు, మిగిలిన ఒంపు తనంతట తాను నున్నగా అమరుతుంది.

నాలుగో వారం

మొదటి ప్రింటు. తెర మీద 80 మి.మీ. ఉన్న పిడి ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లో ఆవగింజలా కనిపించింది. "ఫైలు పాడైంది సార్" అన్నారు. కాలేదు. వాళ్ల సాఫ్ట్‌వేర్ అంగుళాల్లో ఎగుమతి చేసింది, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ వాటిని మిల్లీమీటర్లుగా చదివింది. 25.4 రెట్లు తేడా. ఎస్‌టీఎల్ అనే రకం ఫైలులో, ఆకారాన్ని చుట్టిన త్రిభుజాల మూలల అంకెలు ఉంటాయి తప్ప అవి ఏ కొలమానంలో ఉన్నాయో ఉండదు. 1980లలో, ద్రవ రెజిన్‌ను కాంతితో గట్టిపరిచే తొలి యంత్రాల కోసం పుట్టిన పద్ధతి అది, నేటికీ నడుస్తోంది. తరవాత వచ్చిన ఫైలు పద్ధతి 3ఎంఎఫ్‌లో కొలమానం కూడా రాసి ఉంటుంది. ఇకపై అదే వాడదామని తీర్మానించుకున్నాం.

ప్లాస్టిక్ దారాన్ని కరిగించి పొరలుగా పేర్చాలని ఎవరికి తోచింది అని ఒకరు అడిగారు. స్కాట్ క్రంప్ 1980ల చివర తన కూతురి కోసం జిగురు తుపాకీతో బొమ్మ కప్పను చేయబోయిన సంగతి చెప్పాను. ఆ తరవాత 2005లో ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బౌయర్ మొదలుపెట్టిన రెప్‌ర్యాప్ అనే ప్రాజెక్టు ఆ యంత్రాన్ని ఎవరైనా కట్టుకోగలిగేలా నమూనాలను అందరికీ తెరిచింది. మా బల్ల మీది ప్రింటర్లు ఆ వంశంలోవే.

మా అమరిక ఇది. నాజిల్ (కరిగిన దారం వచ్చే మూతి) 0.4 మి.మీ., పొర మందం 0.2 మి.మీ., పీఎల్ఏ అనే ప్లాస్టిక్ ఫిలమెంట్ (దారం), నాజిల్ వేడి 205 డిగ్రీలు, బెడ్ (పొరలు పేర్చే పలక) 60.

ఐదో వారం

ఎవరి పిడిలోనూ చెవి దూరలేదు.

ఇది జరుగుతుందని నాకు తెలుసు. ముందే చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక అంకె కాపీ చేసుకునేవాళ్లు. దానికి బదులు ఒక కొలబిళ్ల చేయించాను. 6 మి.మీ. ఉక్కు కడ్డీకి ఆరు రంధ్రాలు, 6.0 నుంచి 6.5 దాకా పదో వంతు చొప్పున పెరుగుతూ. కడ్డీ 6.0లో అసలు దూరలేదు. 6.2లో బలంగా నొక్కితే దిగింది, 6.3లో హాయిగా జారింది. మరో ప్రింటర్ మీద అదే బిళ్ల వేస్తే 6.4 దాకా వెళ్లవలసి వచ్చింది. సందు అనేది పుస్తకంలోని అంకె కాదు, ఆ యంత్రానిది. నాలుగు ప్రింటర్లకూ నాలుగు బిళ్లలు చేసి, వాటి పక్కనే వేలాడదీశాం.

రంధ్రం ఎందుకు కుంచించుకుపోతుంది? కరిగిన దారం వంపు తిరిగేటప్పుడు లోపలికి లాగబడుతుంది, చల్లారుతూ కొంత ముడుచుకుంటుంది. ఇంకో కారణాన్ని ఒక విద్యార్థిని తనంతట తానే పట్టుకుంది. ఆమె బిళ్లలో అన్ని రంధ్రాలూ మిగతావాళ్లవాటికన్నా బిగుతుగా ఉన్నాయి. భూతద్దంతో చూస్తే గుండ్రంగా లేవు, పన్నెండు భుజాలతో ఉన్నాయి. ఎగుమతి చేసేటప్పుడు నాణ్యత బాగా తగ్గించింది. భుజాల కొసలు వృత్తం మీద ఉంటాయి, భుజాల మధ్యభాగాలు లోపలికి వస్తాయి. పన్నెండు భుజాలైతే 6 మి.మీ. రంధ్రంలో ఎదురెదురు భుజాల మధ్య దూరం 5.8కి పడిపోతుంది. కాగితం మీద కొసైన్ 15 డిగ్రీలు వేసి నిరూపించింది. త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని ఎప్పుడూ అడిగే అమ్మాయి ఆమె.

చెడిపోయిన ముక్కలను పారేయవద్దన్నాను. బీరువాలో ఒక అర ఖాళీ చేశాం. ప్రతి ముక్కకూ ఒక చీటీ. ఏ కొలత ఎంత ఉండాలి, ఎంత వచ్చింది, ఎందుకని అనుకుంటున్నావు. మార్కుల్లో మూడో వంతు ఈ చీటీలకే. తోటి అధ్యాపకులు కొందరికి ఇది నచ్చలేదు. పూర్తయిన వస్తువుకే మార్కులుండాలని వాళ్ల వాదన. అందంగా కుదిరిన పిడి అదృష్టం కొద్దీ కూడా రావచ్చు, చీటీ అలా రాదు. నా మాట మీదే నిలబడ్డాను.

ఆరో వారం, బుధవారం

పిడులను పరీక్షించడానికి తాళాన్ని బిగించే పెట్టె కావాలి. లేజర్ కట్టర్ మీద ప్లైవుడ్ పలకలు కోసి, పళ్లు ఒకదానిలో ఒకటి ఇరికించే పెట్టె. పలక మీద 3 మి.మీ. అని రాసి ఉంది. కొలిస్తే ఒక మూల 2.7, ఇంకో మూల 2.9. "రాసిందే తప్పు" అన్న కోపం ఈ వయసువాళ్లలో ఎంత స్వచ్ఛంగా ఉంటుందో!

లేజర్ కాల్చేసే కోత మందం కనుక్కోవడానికి 100 మి.మీ. దీర్ఘచతురస్రాన్ని 10 మి.మీ. ముక్కలు పదిగా కోశాం. ముక్కలన్నిటినీ అదే కంతలో ఒక పక్కకు నెడితే మిగిలిన ఖాళీ 2.2 మి.మీ. అందరూ పదితో భాగించి 0.22 అన్నారు. ఒకడు మాత్రం పదకొండు అన్నాడు. పావుగంట వాదన. చివరికి బోర్డు మీద గీసి లెక్కపెట్టారు. ముక్కలు పదే అయినా రెండు చివర్లూ కలుపుకుంటే కోత గీతలు పదకొండు. కోత మందం 0.2 మి.మీ.

అంటే 10 మి.మీ. అని గీసిన పన్ను 9.8 వస్తుంది, 10 మి.మీ. అని గీసిన గాడి 10.2 వస్తుంది. రెండూ కలిసి 0.4 వదులు. అంచులన్నిటినీ బయటికి 0.1 జరిపి కోసిన పెట్టె జిగురు లేకుండానే నిలబడింది.

ఆరో వారం, గురువారం

ఒక విద్యార్థి ఇంటి నుంచి తెల్లని ప్లాస్టిక్ పలక తెచ్చి, లేజర్ మీద పెట్టబోయాడు. చేయి పట్టుకుని ఆపాను. గట్టిగానే అరిచాను, తరవాత కూర్చోబెట్టి చెప్పాను. అది పీవీసీ అయితే లేజర్ తగలగానే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, యంత్రం లోపలి ఇనుమును తినేస్తుంది. పొగ తోడే గొట్టం కింద, అందరినీ దూరంగా నిలబెట్టి పరీక్ష చేశాను. రాగి తీగను ఎర్రగా కాల్చి, పలకకు తాకించి, మళ్లీ మంటలో పెడితే మంట ఆకుపచ్చగా మారింది. అందులో క్లోరిన్ ఉంది. ఏ పదార్థమో తెలియని పలక లేజర్ గదిలోకి రాకూడదని, లేజర్ నడుస్తున్నంతసేపూ ఒకరు దాని దగ్గర నిలబడి ఉండాలని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించాను. డిజైన్ బోధనలో ఇది అనుబంధం కాదు. మొదటి పేజీలో ఉండవలసింది, నేను ఆరో వారం దాకా ఆగడం నా పొరపాటు.

ఏడో వారం

మొదటి పరీక్షలోనే ఒక పిడి విరిగింది. చెవిని పట్టే మెడ దగ్గర, కత్తితో కోసినట్టు తిన్నగా. చూడటానికి అన్నిటికన్నా అందమైన పిడి అదే. అందం కోసమే ఆ అమ్మాయి దాన్ని నిలువుగా నిలబెట్టి ప్రింటు చేసింది. అలా చేస్తే పైపైకి సన్నబడే ఒంపు మీద పొరల మెట్లు దాదాపు కనిపించవు.

విరిగిన చోట భూతద్దం పెట్టి అందరినీ చూడమన్నాను. దారం తెగలేదు. పొరకూ పొరకూ మధ్య అతుకు ఊడింది. కొత్త పొర వేడిగా వచ్చి పడేసరికి కింది పొర అప్పటికే చల్లారి ఉంటుంది, అతుకు ఎప్పుడూ దారమంత గట్టిగా ఉండదు. చెక్కకు నార ఎటు ఉందో చూసుకుని వడ్రంగి కోస్తాడు. ఇక్కడ ఆ నారను మనమే నిర్ణయిస్తున్నాం. మెడ మీద పడే వంపు బలం పొరలను విడదీసే దిశలో ఉంటే విరగక ఏం చేస్తుంది?

అదే ఫైలు, అదే ఫిలమెంట్, ఈసారి పడుకోబెట్టి ప్రింటు చేశాం. చేయి చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాం. నిలువుగా చేసిన రెండో పిడి 4 కిలోల దగ్గర విరిగింది. పడుకోబెట్టినది 9 కిలోల దాకా వంగింది కానీ విరగలేదు, అంతకు మించి లాగలేదు. లోపలి నింపుడు 20 శాతం నుంచి 60 శాతానికి పెంచితే ఎలా ఉంటుందని ఒకరు ప్రయత్నించారు. నిలువు పిడి మీద అది పెద్దగా పనిచేయలేదు. బయటి గోడలు రెండు నుంచి నాలుగు చేసి, మెడ మూలలో 3 మి.మీ. ఫిల్లెట్ (గుండ్రని ఒంపు) పెట్టడమే ఎక్కువ ఫలితమిచ్చింది. పదునైన లోపలి మూలలో ఒత్తిడి పోగవుతుంది, గుండ్రని మూలలో పరుచుకుంటుంది.

పడుకోబెడితే బొటనవేలి గుంట కిందికి వచ్చి గాలిలో తేలింది. 45 డిగ్రీలకు మించి వాలిన చోట సపోర్ట్ (కింద నిలిపే తాత్కాలిక దన్ను) కావాలి, ఊడదీశాక అక్కడ గరుకు మిగులుతుంది. అది సరిగ్గా మాస్టారి బొటనవేలు ఆనే చోటు. చివరికి ఆ అమ్మాయి పిడిని మధ్యకు రెండు చిప్పలుగా కోసింది. రెండూ బల్లపరుపుగా పడుకుంటాయి, సపోర్ట్ అక్కర్లేదు, నార సరైన దిశలో ఉంటుంది. మధ్యలో చెవి కూర్చుంటుంది, చెవి తలలోని కంత గుండా ఒక స్క్రూ. ఒక్క నిర్ణయం నాలుగు సమస్యలను తీర్చింది. నా ఇన్నేళ్ల బోధనలో ఇలాంటి ఘడియలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఎనిమిదో వారం

రాత్రి వదిలేసిన ప్రింటు బెడ్ మీది నుంచి ఊడి, పొద్దుటికి చిక్కుదారపు ఉండ అయింది. బెడ్ మీద వేలిముద్రల జిడ్డు ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం, మొదటి పొర పూర్తయ్యేదాకా పక్కన నిలబడటం మళ్లీ అలవాటు చేయాలి. ఇకపై రాత్రి ప్రింట్లు వద్దు.

తొమ్మిదో వారం

మాస్టారు 14 పిడులనూ వరసగా పెట్టెకున్న తాళంలో తిప్పి చూశారు. ఒక్కోదానికీ ఆయన ఒక్కో మాట మాత్రమే చెప్పారు. "ఇది జారుతోంది బాబూ." "ఇది అరచేతిలో గుచ్చుకుంటోంది." "దీన్ని ఎటు పట్టుకోవాలో చూడకుండా తెలియడం లేదమ్మా." ఆఖరి మాట మేమెవరం ఊహించలేదు. చీకట్లో కూడా తలుపు తీయాలి కదా. ఆ పిడి చేసిన విద్యార్థి చిన్నబుచ్చుకోలేదు. ఒక వైపు మూడు చిన్న గీట్లు పెడితే వేలికి తెలుస్తుందా అని అక్కడే అడిగాడు, మట్టి మీద గీసి చూపించాడు.

మూడు పిడులు మిగిలాయి. రెండు చిప్పల పిడి అందులో ఒకటి.

పదో వారం, శుక్రవారం

మిగిలిన మూడింటినీ మాస్టారు వారం రోజులు ఇంట్లో వాడి, ఈ రోజు తిరిగి తెచ్చారు. రెండు చిప్పల పిడిని బల్ల మీద విడిగా పెట్టారు. తాళంలో పెట్టి తిప్పారు. బొటనవేలు తెల్లబడలేదు. తరవాత జేబులోంచి కళ్లద్దాలు, బల్ల మీది నుంచి వెర్నియర్ తీసుకుని, డ్రాయింగు పక్కన పెట్టుకుని పిడిని కొలవడం మొదలుపెట్టారు. పిల్లలు ఊపిరి బిగబట్టారు.

"చేయి పొడవు డ్రాయింగులో 44. ఇక్కడ 43.8 ఉందమ్మా."

"చల్లారాక కొంచెం ముడుచుకుంటుంది మాస్టారూ. చీటీలో రాశాను" అంది ఆ అమ్మాయి, చీటీ అందిస్తూ.

ఆయన చీటీ చివరిదాకా చదివారు. గుంట ఇంకొంచెం లోతుగా ఉంటే చలికాలం పొద్దున్నపూట మరింత హాయిగా ఉంటుందన్నారు. ఎంత లోతు అని ఆమె అడిగింది. ఆయన చెప్పలేకపోయారు. మట్టి ముద్ద తెచ్చి చేతిలో పెట్టింది. నొక్కి ఇచ్చారు. లోతు కొలిచింది, 4.5. కంప్యూటర్ దగ్గరికి వెళ్లి గుంట_లోతు దగ్గర 3 తీసేసి 4.5 వేసింది. పిడి మొత్తం ఒక్కసారి కదిలి, ఎక్కడా తెగకుండా కొత్త ఆకారంలో కుదురుకుంది.

రెండు చిప్పలకూ కలిపి రెండు గంటల పది నిమిషాలు పడుతుందని ప్రింటర్ చూపించింది. మాస్టారు కుర్చీ లాక్కుని ప్రింటర్ ఎదురుగా కూర్చున్నారు. మొదటి పొర పడుతోంది.